బొమ్మ గీసే పిల్ల పక్కన కూర్చోవడం

(అంబాజీపేటలో మన సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ మాటల్ని ఈ-సావనీరు కోసం రాసిమ్మన్నారు. సభలో చెప్పినట్టే రాశాం. మేం అన్నప్పుడల్లా మా హాస్టల్ మొత్తం అనుకోండి: వార్డెను, వంటమ్మ, కామాటి, రాత్రి వాచ్‌మన్, సాయంత్రం చదువు చెప్పే ట్యూటరు. ఈ పని ఒక్కరి వల్ల అయ్యేది కాదు కాబట్టి అలా అంటున్నాం.

మీలో చాలామంది హాస్టల్ అన్నం తిని పెద్దవాళ్ళయినవాళ్ళే. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ట్రంకు పెట్టె, దుప్పటి, కంచం, గ్లాసు. తల్లి బస్సెక్కేదాకా గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డ పిల్ల, ఆ తర్వాత రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడదు. ఏడ్చేవాళ్ళతో మాకు బెంగ లేదు. ఏడుపు తగ్గుతుంది, ఆకలేస్తుంది, పక్కపిల్లతో పేచీ పెట్టుకుంటుంది, అక్కడితో హాస్టల్ పిల్ల అయిపోతుంది. మూడు నెలలు తిరిగేసరికి మన్యం నుంచి వచ్చినవాళ్ళు కూడా మాట మాటకీ "ఆయ్" అనడం నేర్చేసుకుంటారు. మాట్లాడని పిల్లలతోనే మాకు రాత్రిళ్ళు నిద్ర పట్టదు. నాలుగో రోజో ఐదో రోజో తెల్లారేసరికి పక్క ఖాళీగా కనబడేది వాళ్ళదే. గేటు దాటి వెళ్ళి, సెంటర్లో ఆగిన ఏ కొబ్బరికాయల లారీయో ఎక్కేస్తే ఆ పిల్లాడు ఎక్కడ తేలతాడో ఎవరికి తెలుసు?

మొండివాళ్ళండీ అని తేల్చేస్తుంటారు కొందరు. మాట రాకపోవడానికి మేం చూసిన కారణాలు వేరే ఉన్నాయి. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకి ఇక్కడి తెలుగు సగమే అందుతుంది. ఎరుకుల పిల్లకి ఇంటి భాష వచ్చు, నలుగురిలో మాట్లాడితే నవ్వుతారని నోరు కట్టుకుంటుంది. కొండరెడ్డి పిల్లది తెలుగే, కానీ ఆ యాసకి ఇక్కడ వెక్కిరింపు. భాష ఉన్నా, చెప్పాల్సిన సంగతికి మాటలు దొరకని పిల్లలు ఇంకొందరు. తండ్రి పోయిన ఆర్నెల్లకి మా దగ్గర చేరిన పిల్లాణ్ణి "ఎలా ఉందిరా నాన్నా" అని అడిగితే ఏం చెప్తాడు? "బాగుందండి" అంటాడు. అంతే.

ఇలాంటి పిల్లల ముందు కాగితమూ రంగూ పెట్టి, పక్కన కూర్చోవడం గురించే ఈ వేళ మా మాట.

దీనికి బయట ఆర్ట్ థెరపీ అని పేరుంది. ఆ పేరు పెట్టినాయన ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు. క్షయ జబ్బుతో శానిటోరియంలో మంచాన పడ్డాడు. పొద్దుపోక తను బొమ్మలు గీసుకున్నాడు, తోటి రోగుల చేత కూడా గీయించాడు. 1942లో ఆ మాట వాడాడు, 1945లో పుస్తకం తెచ్చాడు. ఈ రోజున ఆ దేశంలో ఎవరైనా ఆర్ట్ థెరపిస్టు అని చెప్పుకోవాలంటే అందుకు ప్రత్యేకమైన చదువు చదివి, చట్టప్రకారం రిజిస్టరై ఉండాలి. అందుకని ముందే చెప్పేస్తున్నాం, మేం థెరపిస్టులం కాం. మాకున్నది టీచర్ ట్రైనింగ్. మేం చేసేది చికిత్సకి ఇవతలి గట్టున ఉన్న పని. ఈ తేడా ఎందుకు మరిచిపోకూడదో కాసేపట్లో చెప్తాం.

పేరు ఇంగ్లండుదైనా, సంగతి మనవాళ్ళకి కొత్త కాదు. శ్రీకాకుళం, మన్యం జిల్లాల్లోనూ, అవతల ఒడిశాలోనూ ఉన్న సవరల ఇళ్ళల్లో గోడ బొమ్మలు చూశారా? ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి కలిపిన తెల్లరంగుతో, పుల్ల చివర నలగ్గొట్టి కుంచె చేసుకుని వేస్తారు. ఒడిశా వైపు ఇడితాల్ అంటారు, మన వైపు ఎడిసింగి అంటారు. ఇప్పుడు ఆ బొమ్మలు చీరల మీదా, చేతిసంచుల మీదా వస్తున్నాయి. సంతోషమే. కానీ అవి మొదట అలంకారానికి వేసినవి కావు. ఇంట్లో జబ్బు చేసినప్పుడు, చనిపోయినవాళ్ళ కోసం, పంట కోసం వేసేవారు. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద అచ్చువేసిన పెద్ద పుస్తకంలో ఇదంతా రాశాడు. పూజారి కూర్చుని, ఆ ఆత్మకి ఏం కావాలో అడిగి, బొమ్మలో ఏదైనా లోటుంటే చేర్పించేవాడు. ఆలోచించండి. ఇంట్లో కష్టం వచ్చింది. నోటితో చెప్పలేనిది గోడ మీదికి వచ్చింది. ఇల్లంతా దాని ఎదురుగా కూర్చుంది. ఎవరూ మార్కులు వేయలేదు.

కోయలకి పడిగెలున్నాయి. వేల్పుల కథ, వంశం కథ గుడ్డ మీద బొమ్మలుగా ఉంటుంది. డోలు కొట్టి ఆ కథ పాడే కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన వెళ్ళిపోయారు. బొమ్మ చూపించి, మన మనుషులెవరో, మన దారి ఏదో చెప్పే పద్ధతి అది. మన పిల్లలకి బొమ్మలు గీయడం మనం నేర్పుతున్నామనుకోవడం కొంచెం నవ్వొచ్చే మాట.

ఇక్కడ గిడుగు రామమూర్తి గారిని కూడా తలుచుకోవాలి. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజని తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, దండలు వేస్తాం. ఆయన పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు రాసి బడులు పెట్టించిన సంగతి ఆ సభల్లో తక్కువ వినబడుతుంది. పిల్ల దగ్గరికి మనం వెళ్ళాలి, పిల్లని మన భాష దాకా ఈడ్చుకురాకూడదు అన్నది ఆయన చేసి చూపించారు. మాకు అన్ని భాషలూ రావు. కాగితం మాత్రం ఉంది.

దూరదేశం సంగతి ఒకటి చెప్తాం, ఓపిగ్గా వినండి. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు యూదుల్ని తెచ్చి కుక్కిన ఊరు ఒకటి చెక్ దేశంలో ఉంది, పేరు తెరెజీన్. ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ అనే చిత్రకారిణిని 1942 డిసెంబరులో అక్కడికి పంపారు. తెచ్చుకోనిచ్చిన కొద్ది సామానులోనే ఆవిడ రంగులూ కాగితాలూ పెట్టుకుంది. పిల్లలుండే ఇళ్ళల్లో రహస్యంగా బొమ్మల పాఠాలు చెప్పింది. గీసిన ప్రతి బొమ్మ మీదా పిల్లల చేత పేరు రాయించేది. 1944 అక్టోబరులో ఆవిడని ఆష్విట్జ్‌కి పంపి చంపేశారు. ఆ పిల్లల్లో ఎక్కువమందిదీ అదే గతి. వెళ్ళే ముందు దాచిపెట్టిన రెండు సూట్‌కేసుల్లో దాదాపు 4,500 బొమ్మలు దొరికాయి. ఇప్పుడవి ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. ఆవిడ శిష్యురాలు ఈడిత్ క్రేమర్ 1938లో అమెరికా వెళ్ళింది. అక్కడ విల్ట్‌విక్ అనే చోట, ఇళ్ళకి దూరంగా ఉండి చదువుకునే మగపిల్లలతో ఏళ్ళ తరబడి బొమ్మలు వేయించి, 1958లో దాని మీద పుస్తకం రాసింది. పిల్లల ఆర్ట్ థెరపీకి పునాది వేసినవాళ్ళలో ఆవిడ ఒకరు.

ఆ నరకాన్నీ మన హాస్టళ్ళనీ పోల్చడం లేదు, అలా ఎవరూ అనుకోకండి. మేం పట్టుకున్నది పేరు రాయించడం ఒక్కటే. మా దగ్గర కంచం మీద నంబరు, ట్రంకు మీద నంబరు, దుప్పటి మీద నంబరు. లెక్కకి అవి తప్పవు. బొమ్మ మీద మాత్రం పేరు. రాయడం రానివాళ్ళు బొటనవేలు రంగులో ముంచి వేస్తారు. మూడో తరగతి వాళ్ళకి ఇదే పెద్ద పండగ, కాగితమంతా వేళ్ళే ఉంటాయి.

మేం చేసే పద్ధతి చెప్తాం. ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, డైనింగ్ హాల్ తుడిచి చాపలు వేస్తాం. గంటన్నర. వచ్చేవాళ్ళు వస్తారు, పడుకునేవాళ్ళు పడుకుంటారు. బలవంతం లేదు. ఒకవైపు వాడేసిన కాగితాలు ఆఫీసుల దగ్గరా జెరాక్స్ షాపుల దగ్గరా అడిగి తెస్తాం. రంగుపెన్సిళ్ళు కొన్నే ఉంటాయి, అవి అరిగిపోయాక మన రంగులే రంగులు. బొగ్గు ఉంది. పసుపు ఉంది, అందులో సున్నం కలిపితే ఎరుపు. చిక్కుడాకు పసరు ఆకుపచ్చ. కాలవ గట్టు ఒండ్రుమట్టి బొమ్మలు చేసుకోవడానికి. అంబాజీపేటలో ఉన్నాం కాబట్టి రంగు గిన్నెలకి కొబ్బరి చిప్పలు, కుంచెలకి కొబ్బరి పీచు కొనే పని లేదు. ఎరుకుల పిల్లలు కొందరు కాగితం ముట్టరు, ఈనెలు తెచ్చుకుని చిన్న చిన్న బుట్టలు అల్లుతూ కూర్చుంటారు. అదీ లెక్కే. చేతులు ఆడుతున్నప్పుడు నోరు దానంతటదే తెరుచుకుంటుంది, వంటింట్లో చిక్కుళ్ళు ఒలిచేటప్పుడు ఆడవాళ్ళ కబుర్లలాగా.

సంక్రాంతి సెలవుల తర్వాత ఈ మండలం పిల్లలు ప్రభలు కడతారు. జగ్గన్నతోట తీర్థం మన అంబాజీపేట మండలం మొసలపల్లిదే కదా. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటంగా ఢిల్లీ దాకా వెళ్ళింది ఈ ప్రభల తీర్థమే. చీపురు పుల్లలు వంచి, రంగుకాగితాలు అంటించి, జేన పొడుగు ప్రభలు. కొండ మీంచి వచ్చిన ఒక పిల్ల తన ప్రభకి మధ్యలో దేవుడి బదులు వాళ్ళ మేకని పెట్టుకుంది. మేకకి పేరు కూడా ఉంది. ఆ పేరు చెప్పడం మొదలుపెట్టి, ఆ పిల్ల ఆ పూటంతా ఆగలేదు.

ఏమీ గీయలేనంటూ కూర్చునేవాళ్ళ కోసం ఒక ఆట ఉంది. డొనాల్డ్ వినికాట్ అని ఇంగ్లీషు పిల్లల డాక్టరు, మానసిక వైద్యుడు, ఆయన ఆడించేవాడట. కళ్ళు మూసుకుని మనం ఒక పిచ్చి గీత గీయాలి. పిల్ల దాన్ని ఏదో ఒకటి చేయాలి, పామో, చెయ్యో, మబ్బో. తర్వాత పిల్ల గీత గీస్తుంది, మనం పూర్తి చేయాలి. మనది బాగా రాకపోతే ఇంకా మంచిది. పెద్దవాళ్ళు గీసిన కుక్క పందిలా ఉంటే పిల్లలు పడీ పడీ నవ్వుతారు, ఆ నవ్వుతోనే సగం బిగువు సడలుతుంది. ఈ ఆటకి కాగితం చాలు, ఎవరైనా ఆడించవచ్చు.

ఇప్పుడు ఒక పిల్లాడి సంగతి. దేవీపట్నం వైపు నుంచి వచ్చాడు. పోలవరం ముంపుతో ఊరు వదిలి కాలనీ ఇంటికి చేరిన కుటుంబం. చేరిన దగ్గర్నుంచి మాట లేదు, రెండుసార్లు గేటు దాకా వెళ్ళాడు. ఆదివారాలు వచ్చి కూర్చునేవాడు. ప్రతి వారం ఒకటే బొమ్మ, చింతచెట్టు. మనిషి లేడు, ఇల్లు లేదు, చెట్టొక్కటే. "వేరేది గీయరా" అని మేం అనలేదు. వానలు పడే రోజుల్లో ఒక ఆదివారం ఆ చెట్టు కొమ్మకి తాడు గీశాడు. కిందికి వేలాడుతూ ఉంది. చూసి మా ట్యూటరు గుండె జారిపోయింది. ఎవరికైనా జారుతుంది.

కాగితం లాక్కోలేదు, వాణ్ణి ఆఫీసుకీ పిలవలేదు. పక్కనే చాప మీద కూర్చుని, "దీని గురించి చెప్తావా?" అని అడిగాం. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత తాడు పక్కన ఇంకో తాడు గీశాడు. రెంటి మధ్యా పలక గీశాడు. "ఉయ్యాలండి. మా అన్న కట్టాడు. చెట్టు ఇప్పుడు నీళ్ళలో ఉందండి" అన్నాడు. మూడు మాటలు. అంతకుముందు మూడు వాక్యాలు ఒక్కసారి వాడి నోట మేం వినలేదు.

అది ఉయ్యాలే అని సంబరపడి లేచిపోలేదు. "ఎప్పుడైనా బతకడం ఇష్టం లేనట్టు అనిపిస్తుందా?" అని కూడా నెమ్మదిగా అడిగాం. ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనలో ఒక భయం ఉంది. అది నిజం కాదు. ఈ రంగంలో పనిచేసేవాళ్ళందరూ అడగమనే చెప్తారు. వాడు లేదని తల ఊపాడు, మళ్ళీ చెట్టు మీద పడ్డాడు. ఆ తర్వాత వాడు మారిపోయాడని చెప్పం. లెక్కల్లో ఇప్పటికీ తప్పుతూనే ఉన్నాడు. గేటు వైపు పోవడం మాత్రం మానేశాడు. సాయంత్రం వంటమ్మ దగ్గర పొయ్యి పక్కన కూర్చుంటాడు, ఆవిడకి ఆ ఊరి సంగతులు చెప్తుంటాడు.

అందుకే బొమ్మలకి అర్థాలు చెప్పకండి అంటాం. నల్లరంగు వేస్తే దిగులు, ఎరుపు వేస్తే కోపం, చేతులు గీయకపోతే భయం అని ఫోన్లలో తిరుగుతుంటాయి చూడండి, వాటిని నమ్మకండి. ఒకసారి చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన నల్లటి ఇంటి బొమ్మ పట్టుకుని, ఈ పిల్ల చాలా కుంగిపోయి ఉంది అన్నారు. "రంగులైపోయాయండి, బొగ్గే ఉంది" అంది పిల్ల. ట్రైనింగ్‌లో మాకు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ చెప్పిన దశలు చదివించారు. చిన్నపిల్లలు తలకాయ పెద్దదిగా గీసి, దానికే కాళ్ళు తగిలిస్తారు. ఏడెనిమిదేళ్ళ పిల్ల ఇంటి గోడలోంచి లోపలి మంచం కూడా కనబడేట్టు గీస్తుంది. అది ఆ వయసు లక్షణం, జబ్బు కాదు. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు మించి పారిన తర్వాత, కూనవరం వైపు పిల్లలూ మన లంకల పిల్లలూ కాగితాల నిండా నీళ్ళే గీశారు. ఊరు మునిగినప్పుడు నీళ్ళు గీయక ఏం గీస్తారు? బొమ్మ చూసి మనం తీర్పు చెప్పకూడదు. "ఇది ఏంటి?" అని కూడా కాదు, "దీని గురించి చెప్తావా?" అని అడగాలి. చెప్పనంటే ఊరుకోవాలి.

యానాది పిల్ల ఒకతె గీసిన ప్రతిదీ చింపేసేది. తల్లి లేదు. ఆ ముక్కలు మేం ఒక కవర్లో వేసి, పేరు రాసి, ఆ పిల్ల చూస్తుండగానే బీరువాలో పెట్టేవాళ్ళం. పదో తరగతి అయ్యాక వెళ్ళిపోయింది. ఆ కవరు ఎప్పుడూ అడగలేదు. బీరువాలోనే ఉంది.

ఇప్పుడు ఆ ఇవతలి గట్టు సంగతి. బొమ్మ గీస్తూ పిల్లలు ఒక్కోసారి మనం వినలేనివి చెప్తారు. ఎవరో ముట్టుకున్నారనీ, కొట్టారనీ. అప్పుడు మీరు చేయకూడని పని ఒకటుంది, "ఎవరికీ చెప్పనులే" అని మాట ఇవ్వడం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు ఎవరైనా పోలీసులకి తెలియజేసి తీరాలి. గుచ్చి గుచ్చి అడగకండి, నలుగురిని పిలిచి మళ్ళీ మళ్ళీ చెప్పించకండి. "చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు, నీకు సాయం చేసేవాళ్ళకి నేను చెప్తాను" అనండి, వెంటనే మాకు చెప్పండి. హాస్టల్లోనే ఎవరి మీదైనా అనుమానం ఉంటే మా కోసం ఆగకండి, 1098కి ఫోన్ చేయండి. పిల్ల చనిపోతాననే మాట ఏ రూపంలో అన్నా, రోజుల తరబడి తిండీ నిద్రా మానేసినా, చెయ్యి కోసుకున్నా, దానికి కాగితమూ రంగూ చాలవు. డాక్టరు కావాలి. 14416 టెలి మానస్ నంబరు, 2022 అక్టోబరు నుంచి ఉంది, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. మీకోసమైనా చేసుకోవచ్చు. ఇంటర్లో, డిగ్రీలో ఉన్న మీ సంగతి ఎవరడుగుతున్నారు గనక.

రెండు మాటలు నిష్ఠూరంగా చెప్తాం. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి బొమ్మల పోటీ పెట్టడం మనకి అలవాటు. పెట్టుకోండి, మేం అడ్డు చెప్పం. ఆదివారం చాప మీదికి మాత్రం ఆ పోటీని తేకండి. ఫస్టు, సెకండు అన్న మాట వినబడగానే పిల్లలు క్యాలెండర్ చూసి నెమలి దించడం మొదలుపెడతారు. వాళ్ళ చింతచెట్టు లోపలికి పోతుంది.

రెండోది ఫోను. పిల్లల బొమ్మలు కొన్ని పంపితే సావనీరు అందంగా వస్తుందని సంపాదకులు అడిగారు. ఇవ్వలేదు. వాళ్ళకి కోపం రాలేదనే అనుకుంటున్నాం. మిమ్మల్ని నమ్మి గీసిన బొమ్మ మీ వాట్సాప్ స్టేటస్‌లో వాళ్ళ పెద్దమ్మ కొడుక్కి కనబడితే, ఆ పిల్ల మళ్ళీ చాప మీదికి రాదు. గోడకి అంటించాలన్నా పిల్లని అడిగే అంటిస్తాం. వద్దంటే కవర్లోకి.

మీ నుంచి మాకు డబ్బు అక్కర్లేదు. మనుషులు కావాలి. మా పిల్లల భాషలు వచ్చినవాళ్ళు మీరే. కోయ వచ్చిన ఒక్క అక్క చాప మీద కూర్చుంటే, మేం ఏడాది కూర్చున్నా రాని మాట పూటలో వస్తుంది. ఎరుకుల ఇంటి భాషలో "ఏం గీశావు" అని ఒక అన్నయ్య అడిగితే ఆ పిల్ల మొహం ఎలా విప్పారుతుందో చూడాలి. ఉద్యోగం వచ్చిందా, పెళ్ళయిందా అన్నది కాదు, వరసగా రాగలరా అన్నదే మా ప్రశ్న. ఒక్క వారం వచ్చి సెల్ఫీ దిగి వెళ్ళేవాళ్ళు రాకపోవడమే పిల్లలకి మేలు. అసలే వాళ్ళని వదిలి వెళ్ళినవాళ్ళు చాలామంది. కనీసం మూడు నెలలు, నెలకి రెండు ఆదివారాలు.

వచ్చేవాళ్ళు సంఘం కార్యదర్శి దగ్గర పేరు ఇవ్వండి. ఆధార్ జిరాక్సు, ఫోటో, మీ ఊరి పెద్ద ఒకరి సంతకం అడుగుతాం. పిల్లల దగ్గరికి ఎవరు వస్తున్నా అడుగుతాం, మీరు మనవాళ్ళే అయినా సరే. మొదటిసారి వచ్చినప్పుడు ఒక గంట మాతో కూర్చుని ఈ విషయాలన్నీ మళ్ళీ మాట్లాడుకుందాం. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుంది. ఫోన్లు వాచ్‌మన్ దగ్గర అట్టపెట్టెలో పెట్టి లోపలికి రావాలి. వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న పాత క్యాలెండర్లు తీసుకురండి. నెమళ్ళ వైపు కాదు, వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, మాకు అది కావాలి.